కోయొద్దు, మూయొద్దు, దారి చూపండి: రేసింగ్ కార్టు కార్బురేటర్ గొట్టాల సంగతి

ఎప్పుడూ ఉగాది సభల వివరాలూ, తెలుగు తరగతుల సంగతులూ రాసే మేము ఈసారి రెండు రబ్బరు గొట్టాల గురించి రాస్తున్నాం. దానికి కారణం ఉంది.

కోయంబత్తూరులో మా సంఘ సభ్యుల ఇంట్లో ఒక మనవడు ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. కాలేజీ పిల్లలు పదిమంది చేరి ఒక కార్టు తయారుచేశారు. పాత మోటారు సైకిలు ఇంజను కొని, గొట్టాలు అతికిన చట్రం మీద బిగించారు. కాలేజీ షెడ్డుకు సెలవుల్లో తాళం వేస్తారని బండిని వీళ్ళ ఇంటి కారు షెడ్డులో పెట్టుకున్నారు. మర్నాడు తెల్లవారుజామున ఆ ఇంటి అవ్వ తులసికోట దగ్గర దీపం పెట్టడానికి అగ్గిపెట్టె పట్టుకుని బయటికి వచ్చింది. తులసికోటకూ షెడ్డుకూ మధ్య పది అడుగులు కూడా ఉండవు. ముక్కుకు ఘాటుగా పెట్రోలు వాసన తగిలింది. అవ్వ అగ్గిపుల్ల గీయకుండా వెనక్కి తిరిగి మనవణ్ణి లేపింది. వెళ్ళి చూస్తే కార్టు కింద పెట్రోలు మడుగు కట్టి ఉంది.

ఆ రోజు ఏమీ జరగలేదు. కానీ ఎందుకు కారిందో ఆరా తీస్తే తేలింది ఇదీ. కార్బురేటరు అడుగున ఉండే చిన్న గొట్టం వేలాడుతూ అడ్డంగా ఉందని పిల్లలు కోసి పారేశారు. పెట్రోలు కుళాయి కట్టలేదు. రాత్రంతా ఒక్కొక్క చుక్కగా కారింది.

కథ అక్కడితో ఆగలేదు. భయపడిన పిల్లలు ఈసారి రెండో తప్పు చేశారు. కార్బురేటరుకు ఉన్న గొట్టాలన్నిటి నోళ్ళలో బోల్టులు దూర్చి మూసేశారు. ఇక చుక్క కారదని సంతోషపడ్డారు. మైదానంలో నడిపితే బండి సగం చుట్టు బాగా పోయి, ఊపిరాడనట్టు గుటకలు వేసి ఆగిపోయింది. కాసేపు ఆగి కొడితే మళ్ళీ స్టార్టయింది. మళ్ళీ సగం చుట్టు, మళ్ళీ ఆగడం. ప్లగ్గు మార్చారు, జెట్టు మార్చారు, వైర్లు మార్చారు. నాలుగు రోజులు పోయాయి. చివరికి ఒక పాత మెకానిక్కు వచ్చి బోల్టులు పీకేస్తే బండి పరుగెత్తింది.

మేము జీవితమంతా మిల్లులో స్టోర్స్ గుమాస్తాగిరీ చేసినవాళ్ళం. హోసు పైపులకు ఇండెంట్లు రాశాం కానీ ఇంజను విప్పినవాళ్ళం కాదు. ఈ సంఘటన తర్వాత ఆ మెకానిక్కు దగ్గరా, పిల్లల దగ్గరా, ఇంజన్ల మాన్యువళ్ళలోనూ తెలుసుకున్నది మన ఇళ్ళలో అందరికీ అర్థమయ్యేలా రాస్తున్నాం. కార్టు నడిపే పిల్లలున్న ఇళ్ళు ఇప్పుడు చాలానే ఉన్నాయి. తెలుగు మాట్లాడుతారు కానీ చదవలేరు అనిపించుకునే పిల్లలకు పెద్దలే దీన్ని చదివి వినిపించాలి.

మన ఊరికీ ఈ బండికీ ఉన్న సంబంధం

కార్టు పుట్టింది అమెరికాలో. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన గడ్డి కోసే యంత్రపు ఇంజనుతో మొదటి కార్టు చేశాడు. కోయంబత్తూరుకు మాత్రం మోటార్ల పిచ్చి అంతకు ముందు నుంచే ఉంది. పొళ్ళాచ్చి, పళని మధ్య 1920లో బస్సు నడిపి, తరువాత ఎన్నో యంత్రాలు చేసిన జి.డి.నాయుడు గారు మన తెలుగు ఇంటి బిడ్డే. తక్కువ ఖర్చుతో రేసు కార్లు ఇక్కడే తయారుచేసిన ఎస్.కరివర్ధన్ పేరు మీదనే చెట్టిపాళెం దగ్గర కరి మోటర్ స్పీడ్‌వే ఉంది. 2005లో ఫార్ములా వన్ పోటీకి దిగిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్‌దీ ఈ ఊరే. కాబట్టి మన పిల్లలు కార్టు ఎక్కుతామంటే వింత లేదు. జాగ్రత్త తెలిసి ఎక్కాలి, అంతే.

కార్బురేటరు లోపల ఏముంది?

మేడ మీద నీళ్ళ ట్యాంకు తలుచుకోండి. లోపల ఒక బంతి తేలుతూ ఉంటుంది. నీళ్ళు నిండితే బంతి పైకి లేచి కుళాయి మూస్తుంది. నీళ్ళు తగ్గితే బంతి దిగి కుళాయి తెరుస్తుంది. బంతి చెడితే నీళ్ళు గోడల మీద పడకుండా పొర్లు గొట్టం బయటికి తీసుకుపోతుంది.

కార్బురేటరు అడుగున ఉండే చిన్న గిన్నె కూడా ఇలాంటి ట్యాంకే. అందులో తేలే బంతిని ఫ్లోటు అంటారు. కుళాయి పని చేసేది ఒక చిన్న సూది. ఫ్లోటు పైకి లేస్తే సూది వెళ్ళి రంధ్రంలో కూర్చుంటుంది, పెట్రోలు రావడం ఆగుతుంది. సూదికీ రంధ్రానికీ మధ్య ఇసుక రేణువంత మురికి ఇరుక్కుంటే చాలు, పెట్రోలు ఆగదు. గిన్నె నిండి పొర్లుతుంది. ఆ పొర్లిన పెట్రోలును బయటికి తీసుకుపోయేదే పొర్లు గొట్టం, అంటే ఓవర్‌ఫ్లో హోసు.

ఇక గాలి గొట్టం, అంటే వెంట్ హోసు. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె గుటక గుటకగా వస్తుంది. రెండో చిల్లు పెడితే ధారగా వస్తుంది. ఇది మన వంటింట్లో అందరికీ తెలిసిందే. గిన్నెలోని పెట్రోలు జెట్టు గుండా పైకి లేవాలంటే, దాని మీద బయటి గాలి బరువు ఎప్పుడూ ఉండాలి. ఇంజను పీల్చే గాలి కార్బురేటరు గొంతులోంచి వేగంగా పోతుంది. అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. గిన్నెలో మామూలు గాలి ఒత్తిడి ఉంటుంది. ఈ రెంటికీ ఉన్న తేడాయే పెట్రోలును పైకి తోస్తుంది. ఆ తేడా చాలా స్వల్పం. గాలి గొట్టం మూసుకుపోతే గిన్నెలోనూ ఒత్తిడి పడిపోతుంది, తేడా మాయమవుతుంది, పెట్రోలు లేవదు. పైగా లోపలి గాలికి బయటికి పోయే దారి లేక కొత్త పెట్రోలు గిన్నెలోకి దిగడానికి కూడా తటపటాయిస్తుంది. బోల్టులు దూర్చినప్పుడు జరిగింది ఇదే. ఆగిన కొద్దిసేపటికి జెట్టు రంధ్రాల గుండా గాలి మెల్లగా చేరి ఒత్తిడి సర్దుకుంటుంది కనుక బండి మళ్ళీ స్టార్టవుతుంది. అందుకే ఈ జబ్బు నాలుగు రోజులు దొరకలేదు.

రెండు స్ట్రోకుల ఇంజనులో ఇది ఇంకా ప్రమాదం. అక్కడ ఇంజను ఆయిలు పెట్రోలులోనే కలిపి పోస్తారు. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది. పిస్టను వేడెక్కి పట్టేస్తుంది. ఒక గొట్టం మడత పడినందుకు పిస్టనూ సిలిండరూ మార్చుకోవలసి వస్తుంది.

మోటారు సైకిల్లో లేని బాధ కార్టులో ఎందుకు?

పిల్లలు మమ్మల్ని అడిగిన మంచి ప్రశ్న ఇది. “ఇదే ఇంజను బైకులో పదేళ్ళు కారకుండా నడిచింది కదా తాతా, కార్టులో ఎందుకు కారుతుంది?”

బైకు మలుపులో వాలుతుంది. వాలినప్పుడు కార్బురేటరు కూడా వాలుతుంది. పెట్రోలు మీద పడే పక్కబలమూ, భూమి లాగే బలమూ కలిసి సరిగ్గా గిన్నె అడుగు వైపే పనిచేస్తాయి. నీళ్ళు నింపిన చెంబును తాడుకు కట్టి గిరగిర తిప్పితే నీళ్ళు ఒలకవు కదా, అలాగన్నమాట. కార్టు వాలదు. నేలకు అతుక్కుని మలుపు తిరుగుతుంది. పెట్రోలు మొత్తం ఒక పక్కకు ఎగబాకుతుంది. పక్కబలం భూమి ఆకర్షణతో సమానమైతే గిన్నెలో పెట్రోలు మట్టం 45 డిగ్రీలు వాలుతుంది. రెండింతలైతే 60 డిగ్రీలు దాటుతుంది. మంచి టైర్లున్న రేసింగ్ కార్టు ఆ స్థాయిని అందుకోగలదు. అప్పుడు గాలి గొట్టం ముక్కు దగ్గరికి పెట్రోలు వచ్చి బయటికి చిమ్ముతుంది. ఫ్లోటు కూడా తప్పు మట్టం చూసి సూదిని తప్పు సమయంలో తెరుస్తుంది.

దీనికి తోడు కార్టుకు స్ప్రింగులు లేవు. రోడ్డు మీది ప్రతి అదురూ నేరుగా ఇంజనుకు చేరుతుంది. గిన్నెలో పెట్రోలు మజ్జిగ చిలికినట్టు నురగ కడుతుంది. సైలెన్సరు పక్కనే ఉంటుంది, డ్రైవరు ఇంకా దగ్గరగా ఉంటాడు, పెట్రోలు ట్యాంకు సాధారణంగా అతని కాళ్ళ మధ్య ఉంటుంది. కాబట్టి కార్టులో కొంత పెట్రోలు బయటికి రావడం సహజమే. వచ్చినది ఎటు పోవాలో మనం ముందే నిర్ణయించాలి.

మీ కార్బురేటరు ఏ రకం?

గొట్టాలు ముట్టుకోకముందు ఇది తెలుసుకోవాలి.

మొదటిది, బైకు ఇంజన్ల కార్బురేటరు. కాలేజీ కార్టుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధన వచ్చాక కొత్త బైకుల్లో పెట్రోలు ఇంజెక్షనే వస్తోంది కనుక, పిల్లలు కొనేవి అంతకు ముందటి పాత ఇంజన్లు. వాటి రబ్బరు గొట్టాల వయసూ అంతే. గిన్నెకు పైభాగాన ఒకటి రెండు గాలి ముక్కులు, అడుగున ఒక ముక్కు ఉంటాయి. అడుగు ముక్కు కొన్నిటిలో గిన్నె ఖాళీ చేయడానికి మాత్రమే. కొన్నిటిలో లోపల చిన్న ఇత్తడి గొట్టం నిలబెట్టి పొర్లు దారిగా కూడా వాడతారు.

ఏదో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. పెట్రోలు కుళాయి కట్టి, గిన్నె ఖాళీ చేసి, అడుగు మర బిగించాలి. మందుల దుకాణంలో దొరికే సూది లేని సిరంజీతో అడుగు ముక్కులోకి గాలి తోయాలి. గాలి సులువుగా పోయి పై ముక్కు గుండా బయటికి వస్తే పొర్లు దారి ఉన్నట్టు. గాలి ఆగిపోతే పొర్లు దారి లేనట్టు, లేదా అది మురికితో మూసుకున్నట్టు. గిన్నె విప్పి చూస్తే ఏదో తేలిపోతుంది. పొర్లు దారి లేని కార్బురేటరులో పొర్లిన పెట్రోలు గాలి గొట్టాల గుండానే రావాలి. అలాంటిచోట గాలి గొట్టం మూస్తే రెండు పనులూ ఆగిపోయినట్టే.

రెండోది, రేసింగు కోసమే చేసిన ఇంజన్లది. ఉదాహరణకు ఆస్ట్రియాకు చెందిన రోటాక్స్ 125 ఇంజనుకు ఇటలీ డెల్లోర్టో కార్బురేటరు వస్తుంది. దాని రెండు గాలి ముక్కులనూ ఒకే గొట్టంతో కలిపి, గొట్టం మధ్యలో గాలికి ఒక కోత పెడతారు. ఆ గొట్టం పొడవూ, కోత ఉండే వైపూ నిబంధనల పుస్తకంలో రాసి ఉంటాయి. అక్కడ సొంత తెలివి పనికిరాదు. పుస్తకంలో ఉన్నట్టే ఉంచాలి.

మూడోది, ఫ్లోటు లేని డయాఫ్రం కార్బురేటరు. చిన్నపిల్లల కార్టుల్లోనూ, పాత రెండు స్ట్రోకుల కార్టుల్లోనూ కనిపిస్తుంది. గిన్నె లేదు కనుక పొర్లు గొట్టం కూడా ఉండదు. డయాఫ్రం మూత మీద సూదిమొనంత రంధ్రం ఉంటుంది, గాలి దారి అదే. దాన్ని బురద, పెయింటు, గ్రీజు మూయకుండా చూడాలి. ఆ రంధ్రంలోంచి పెట్రోలు చెమర్చితే లోపలి పొర చిరిగిందని అర్థం. రంధ్రం మూయకూడదు, పొర మార్చాలి.

గాలి గొట్టానికి దారి

ఇక్కడ నుంచి చెప్పేది బైకు తరహా కార్బురేటరుకు.

గొట్టం ముక్కు నుంచి రెండు మూడు వేళ్ళ ఎత్తు పైకి లేచి, తరువాత కిందికి దిగాలి. మలుపులో చిమ్మిన పెట్రోలు ఆ చిన్న మెట్ట దగ్గర ఆగి తిరిగి గిన్నెలోకి జారుతుంది. మరీ ఎత్తుగా కట్టకూడదు. పొర్లు దారి లేని కార్బురేటరులో గొట్టం ఎత్తుగా ఉంటే, పొర్లిన పెట్రోలు బయటికి రాలేక ఇంజనులోకే పోతుంది.

మెట్ట దగ్గర ఒక చిన్న టీ ముక్క పెట్టడం మంచి పద్ధతి. ఒక కాలు పైకి, ఖాళీ గాలికి. ఇంకో కాలు కిందికి, సీసాకు. ఎందుకంటే సన్నని గొట్టంలో పెట్రోలు నిలువునా నిండి కిందికి జారుతున్నప్పుడు అది వెనక గిన్నెను పీలుస్తుంది. మలుపు దాటిన వెంటనే ఇంజను ఒక గుటక వేస్తుంటే చాలాసార్లు కారణం ఇదే. టీ ముక్క పై కాలు ఆ పీల్పును తెంచుతుంది.

మధ్యలో ఎక్కడా ఊయలలా వేలాడకూడదు. ఆ గుంటలో నాలుగు చుక్కల పెట్రోలు నిలిచినా బిరడా బిగించినట్టే.

గొట్టం కొస ఎదురుగాలిలోకి తెరిచి ఉండకూడదు. గాలి లోపలికి కొడితే గిన్నెలో ఒత్తిడి పెరిగి పెట్రోలు ఎక్కువ పోతుంది. గాలి పక్కనుంచి దూసుకుపోతే పీల్చి తగ్గిస్తుంది. వేగాన్ని బట్టి ఇంజను తీరు మారుతూ ఉంటే ఏ జెట్టు వేసినా కుదరదు. సీటు వెనక, గాలి నిలకడగా ఉండే చోటు చూడాలి. కొసను ఏటవాలుగా కోస్తే ఏదైనా చదునైన వస్తువుకు తగిలినా మూసుకుపోదు.

ప్లాస్టిక్ పట్టీతో గట్టిగా బిగించి గొట్టం గొంతు నొక్కేయడం పిల్లలు ఎక్కువగా చేసే తప్పు. పట్టీలో గొట్టం జారేంత వదులు ఉండాలి. సైలెన్సరు, గొలుసు, వెనక ఇరుసు, బ్రేకు చక్రం, ఈ నాలుగిటికీ గొట్టం తగలకూడదు.

పొర్లు గొట్టానికి దారి

దీనికి ఒకటే సూత్రం. మొదటి నుంచి చివరి దాకా పల్లం. ఎక్కడా ఎక్కకూడదు. కొస సీసాలో ఉండాలి. నేల మీదికి వదలకూడదు. కార్టు అడుగున ఉండే పళ్ళెంలో పెట్రోలు నిలుస్తుంది. ట్రాకు మీద పడితే వెనక వచ్చే పిల్లవాడి బండి జారుతుంది. పోటీకి ముందు తనిఖీ చేసేవాళ్ళు కారుతున్న బండిని లోపలికి రానివ్వరు, అందులో వాళ్ళ తప్పు లేదు.

సీసా కార్బురేటరు కంటే కిందుగా, సైలెన్సరుకు అవతలి పక్కన, చట్రానికి గట్టిగా బిగించి ఉండాలి. పలుచని నీళ్ళ సీసా వేడికి మెత్తబడుతుంది, అదురుకు చిట్లుతుంది. పెట్రోలుకు తట్టుకునే మందపాటి సీసా కావాలి. మూతకు రెండు రంధ్రాలు ఉండాలి. ఒకటి గొట్టానికి, ఒకటి గాలి పోవడానికి. గాలి రంధ్రం లేకపోతే సీసాయే బోల్టు అవుతుంది. గొట్టం కొస సీసా అడుగుకు ముంచకూడదు. చేరిన పెట్రోలులో కొస మునిగితే మళ్ళీ దారి మూసుకున్నట్టే.

నాలుగు స్ట్రోకుల ఇంజనుకు ఆయిలు ఆవిరి బయటికి వచ్చే బ్రీదరు గొట్టం వేరే ఉంటుంది. దాన్ని ఇదే సీసాకు కలపకూడదు. పిస్టను ఎగిరి దిగినప్పుడల్లా అది ఊదుతూ ఉంటుంది. ఆ ఊపు కార్బురేటరు గిన్నెకు చేరుతుంది. దానికి వేరే సీసా పెట్టాలి.

సీసాలో చేరినదాన్ని తిరిగి ట్యాంకులో పోయొద్దు. మురికి వెళ్ళి మళ్ళీ ఆ సూది దగ్గరే ఇరుక్కుంటుంది.

సీసా ఏం చెబుతోందో వినండి

ఆఫీసులో ఫిర్యాదుల పెట్టె నిండితే పెద్ద పెట్టె చేయించిన అధికారులను మేము చూశాం. సీసా నిండుతోందని పెద్ద సీసా కట్టడం అలాంటిదే.

బండి నిలబడి ఉన్నప్పుడు, పెట్రోలు కుళాయి తెరిచి ఉంటే కారుతోందా? అయితే సూదిలో తప్పు. మురికి పట్టి ఉండాలి, లేదా సూది మొన అరిగి ఉండాలి, లేదా ఫ్లోటుకు చిల్లు పడి పెట్రోలు నిండి మునిగి ఉండాలి. విప్పిన ఫ్లోటును చెవి దగ్గర ఊపితే లోపల గలగల తెలుస్తుంది.

నిలబడితే కారదు, పరుగులో మాత్రమే సీసాలో చేరుతోందా? అయితే మలుపుల చిమ్ముడు, లేదా పెట్రోలు మట్టం ఎక్కువగా ఉండటం. పెట్రోలు పంపు ఉన్న బండిలో పంపు ఒత్తిడి సూదిని తోసేస్తున్నదేమో కూడా చూడాలి. ఇంజనును చట్రంలో బైకులో ఉన్న కోణం కంటే ఎక్కువ వంచి బిగించినా ఇదే జరుగుతుంది.

మట్టం చూడటానికి ఆ మెకానిక్కు చూపిన పద్ధతి మాకు నచ్చింది. అడుగు ముక్కుకు పారదర్శకమైన గొట్టం తగిలించి, గిన్నె పక్కనే పైకి నిలబెట్టి, అడుగు మర కొద్దిగా వదులు చేయాలి. గిన్నెలో ఎంత ఎత్తు ఉందో గొట్టంలోనూ అంతే ఎత్తు నిలుస్తుంది. తాపీ మేస్త్రీలు గోడలకు మట్టం చూసే నీటి గొట్టం ఇదే కదా. మాన్యువల్లో ఉన్న కొలతతో సరిచూసుకోవాలి. ఇంజను చల్లారాక, ఆరుబయట చేయవలసిన పని ఇది.

ఇక సగం చుట్టు తర్వాత గుటకలు వేసే బండికి ముందు జెట్లు మార్చొద్దు. గాలి గొట్టం పీకి నోరు వదిలేసి ఒక్కసారి స్టాండు మీద వేగం పెంచి చూడండి. తేడా కనిపిస్తే నేరం గొట్టానిదే. ట్యాంకు మూతకు ఉండే గాలి రంధ్రం కూడా చూడండి. అది మూసుకున్నా లక్షణం ఇంచుమించు ఇదే.

రబ్బరు వయసు

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాలు 20 శాతం దాకా ఉంటోంది. ఈ20 అనేది 2023లో మొదలై ఇప్పుడు దాదాపు అంతటా అదే. ఇథనాలు గాలిలోని తేమను పీలుస్తుంది. పాత రబ్బరును ఉబ్బిస్తుంది, తరువాత పగిలేలా చేస్తుంది. పదేళ్ళ కిందటి ఇంజనుతో వచ్చిన గొట్టాలను అలాగే వాడొద్దు. అక్వేరియం గొట్టం, సెలైన్ గొట్టం కూడా వద్దు. అవి పెట్రోలులో గట్టిపడి విరుగుతాయి, లేదా మెత్తబడి జారిపోతాయి. పెట్రోలుకు పనికివచ్చేదని గుర్తున్న నైట్రైల్ రబ్బరు గొట్టం మీటరు లెక్కన దొరుకుతుంది. ఖర్చు ఒక సినిమా టికెట్టు కంటే ఎక్కువ కాదు. వేళ్ళతో మడిచి చూడండి. పగుళ్ళు కనిపిస్తే ఆ రోజే మార్చండి.

ఇంట్లో పెద్దలకు

ఈ భాగం అవ్వలకూ తాతలకూ అమ్మలకూ. ఇంజను తెలియనక్కర్లేదు.

పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు. నీళ్ళలా నేల మీద పాకి, పల్లం వెతుక్కుంటూ గడప దాటి వస్తుంది. దీపం పది అడుగుల దూరంలో ఉన్నా అక్కడికి చేరగలదు.

బండి ఇంట్లోకి వచ్చిన రాత్రి మూడు ప్రశ్నలు అడగండి. పెట్రోలు కుళాయి కట్టావా నాయనా? గిన్నె ఖాళీ చేశావా? సీసా ఖాళీ చేశావా? మూడిటికీ అవునంటేనే షెడ్డులో చోటు. తలుపులు మూసే గదిలో, ఇన్వర్టరు ఉన్న గదిలో, వంటింటి పక్క గదిలో చోటు ఇవ్వొద్దు.

వాసన వస్తే స్విచ్చు వేయొద్దు, ఉన్న స్విచ్చు ఆపొద్దు కూడా. రెండిటిలోనూ నిప్పురవ్వ పుడుతుంది. తలుపులు తెరవండి, పిల్లలను దూరం పంపండి, కుళాయి కట్టించండి, మడుగు మీద పొడి ఇసుక పోయండి. నీళ్ళు పోస్తే పెట్రోలు నీటి మీద తేలి ఇంకా దూరం పోతుంది. బండి ఉన్న చోట పొడి రకం మంటల సిలిండరు ఒకటి ఉండాలి. దాన్ని ఎలా వాడాలో ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి.

ఒక రిజిస్టరు పెట్టండి

గుమాస్తాలం కనుక చివరికి ఇక్కడికే వస్తాం. ఆ పిల్లల చేత ఒక నోటు పుస్తకం పెట్టించాం. తేదీ, ఎన్ని చుట్లు, సీసాలో ఎంత చేరింది, నిలబడినప్పుడు కారిందా, గొట్టాలు ఎప్పుడు మార్చాం, సంతకం. అంతే. మూడో వారంలో సీసాలో చేరేది రెట్టింపయింది. పుస్తకంలో కనిపించింది కనుక ఆ రోజే గిన్నె విప్పారు. సూది మొన చుట్టూ గాడి పడి ఉంది. కొత్త సూది వేశారు. పుస్తకం లేకపోతే పెద్ద సీసా కొనేవాళ్ళేమో.

తనిఖీలో వాళ్ళ బండి ఒక్క చుక్క కారకుండా దాటింది. పోటీలో గెలవలేదు, కానీ చివరి చుట్టు దాకా నడిచింది. ఆ సాయంత్రం బండి మళ్ళీ అవ్వ ఇంటికే వచ్చింది. ఆమె గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కటిగా మూడు ప్రశ్నలూ అడిగి, మనవడు చెప్పిన జవాబులు చాలక తానే వంగి కుళాయి చూసుకుని, అప్పుడు లోపలికి రానిచ్చింది.

ఆ పుస్తకం మొదటి పేజీ మీద పిల్లవాడు తెలుగులో రాసుకున్నాడు, కాస్త వంకరగా: కోయొద్దు, మూయొద్దు, దారి చూపు. మా తరగతిలో నేర్చుకున్న అక్షరాలే. మీ ఇంటి షెడ్డులోనూ రాయించండి. కార్టు లేని ఇంట్లో పాత బైకు ఉంటుంది, దానికీ ఇవే గొట్టాలు. ఈ ఆదివారం ఒకసారి వంగి చూడండి.

ఇట్లు,
మీ తెలుగు సంఘ కార్యదర్శి